తుప్పల మాటున ముప్పు

పాఠ్యభాగ ఉద్దేశం

వర్షాకాలపు జ్వరాలనగానే అందరికీ దోమలే గుర్తుకు వస్తాయి. కాని కంటికి ఆనని నల్లులు, పశువులనూ కుక్కలనూ అంటిపెట్టుకొని ఉండే పిడుదులు కూడా ప్రాణాంతకమైన జ్వరాలను తెచ్చిపెట్టగలవు. ఈ వ్యాధులు బాలబాలికలకు ఎట్లా సోకుతాయో, ఏ పరిస్థితులు ముప్పును పెంచుతాయో, సకాలంలో గుర్తించడం ఎంత అవసరమో విశాఖపట్నం నేపథ్యంలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

విశాఖపట్నం కొండకూ కడలికీ నడుమ విస్తరించిన నగరం. ఒకవైపు డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండలు; మరొకవైపు కైలాసగిరి, కంబాలకొండ, సింహాచలం కొండల పచ్చని వరుసలు. 1933లో నౌకాశ్రయం ప్రారంభమైన నాటి నుండి ఈ ఊరు పెరుగుతూనే వచ్చింది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అనే నినాదంతో సాగిన ఉద్యమం ఫలించి 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన తరువాత నగరం దక్షిణ దిశగా సాగింది. గాజువాక, ఉక్కునగరం పరిసరాలు జనావాసాలైనాయి. ఆ పిమ్మట మధురవాడ, పెందుర్తి వైపు కాలనీలు వెలిశాయి. పల్లె, పట్టణం, కొండవాలు, పంటచేను ఒకదానిలో ఒకటి కలిసిపోయిన నగరమిది. అంతస్తుల భవనం ప్రక్కనే ఇంకా ఇల్లు కట్టని స్థలం ఉంటుంది. వానలు పడగానే అందులో నడుమెత్తు గడ్డి పెరుగుతుంది, తుప్పలు అల్లుకుంటాయి. ఆ గడ్డిలో ఎలుకలు బొరియలు చేసుకుంటాయి. సాయంకాలం కాగానే పిల్లలు అక్కడికే ఆటకు చేరుతారు.

ఇటువంటి చోట పొంచి ఉండే వ్యాధి స్క్రబ్ టైఫస్. ‘స్క్రబ్’ అంటే తుప్పలు నిండిన నేల. 2025వ సంవత్సరం చివరి నెలల్లో ఈ పేరు ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటా వినిపించింది. ఆ ఏడాది రాష్ట్రంలో నమోదైన కేసులు వెయ్యి దాటాయి. ఎక్కువ కేసులు వచ్చిన జిల్లాల్లో చిత్తూరు, కాకినాడలతో పాటు విశాఖపట్నం కూడా ఉన్నది. కొత్త రోగమేదో పుట్టుకొచ్చిందని జనం కలవరపడ్డారు. నిజానికి ఇది చాలా పాత వ్యాధి. నాలుగో శతాబ్దానికి చెందిన చైనా వైద్యుడు గె హోంగ్ ఇటువంటి జ్వరాన్ని తన రచనలో వర్ణించాడు. జపాను దేశస్థులు దీనికి కారణమైన పురుగును ‘సుసుగముషి’ అన్నారు. ఆ మాటకు హాని చేసే పురుగు అని అర్థం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అస్సాం, బర్మా సరిహద్దు అడవుల్లో పోరాడిన సైనికులను ఈ జ్వరం పెద్ద సంఖ్యలో మంచం పట్టించింది.

ఈ వ్యాధిని మోసుకువచ్చే జీవి ఏది? మిరపచేలో ఆకుల అడుగున కనిపించే ఎర్రనల్లి రైతులందరికీ తెలుసు. దానికి దూరపు బంధువైన ఒక నల్లిజాతి నేలలో జీవిస్తుంది. మంచాల్లో చేరి రక్తం పీల్చే నల్లి వేరు, ఇది వేరు. మంచపు నల్లి కీటకం. ఇది సాలెపురుగు, తేలు చేరే వర్గానికి చెందినది. ఎదిగిన నల్లులు మనుషుల జోలికి రావు. గ్రుడ్డు నుండి అప్పుడే వెలువడిన పిల్లపురుగు మాత్రం బ్రతకడానికి ఏదో ఒక జంతువును ఆశ్రయించాలి. దానినే ‘చిగ్గరు’ అంటారు. అది మిల్లీమీటరులో నాలుగో వంతుకు మించదు. నేలకు దగ్గరగా ఉన్న గడ్డిపరకల మీద, రాలిన ఆకుల మీద కూర్చుండి దారిన పోయే ప్రాణి కోసం ఎదురుచూస్తుంది. సాధారణంగా దానికి దొరికేది ఎలుక. ఒక్కొక్కప్పుడు దొరికేది బంతి కోసం తుప్పల్లో చేయి పెట్టిన బాలుడు.

చిగ్గరు రక్తం పీల్చదు. చర్మంపై లాలాజలాన్ని వదలి, అక్కడి కణాలను కరిగించి, ఆ ద్రవాన్ని ఆహారంగా తీసుకుంటుంది. ఆ లాలాజలంతో పాటు ‘ఓరియెన్షియా సుసుగముషి’ అనే సూక్ష్మజీవి శరీరంలోకి ప్రవేశిస్తుంది. కుట్టినప్పుడు నొప్పి ఉండదు, కనుక పిల్లలకు ఆ సంగతే తెలియదు. ఈ సూక్ష్మజీవి తల్లి నల్లి నుండి గ్రుడ్ల ద్వారా పిల్లలకు సంక్రమిస్తుంది. అందుచేత నల్లులు ఒకచోట స్థిరపడితే వ్యాధి ఆ నేలలోనే తరతరాలుగా నిలిచి ఉంటుంది. అయితే అవి నేలంతటా సమానంగా వ్యాపించి ఉండవు. చిన్న చిన్న మడుగుల వలె అక్కడక్కడా గుంపులుగా ఉంటాయి. ఒకే మైదానంలో ఆడిన పదిమందిలో ఒక్కరికే జ్వరం రావడానికి కారణమిదే. ఈ వ్యాధి ఒకరి నుండి మరొకరికి అంటదు. కనుక రోగిని వెలివేసినట్లు దూరంగా ఉంచవలసిన పనిలేదు.

పిడుదుల కథ దీనికి దగ్గరదే. వీటిని గోమార్లని కూడా అంటారు. ఇవి నల్లుల కంటె పెద్దవి; కంటికి కనిపిస్తాయి. పశువుల చెవులలో, పొదుగు వద్ద, కుక్కల మెడ చుట్టూ పట్టుకొని రక్తం పీల్చి ఉబ్బుతాయి. పిడుదుల వల్ల వ్యాధి వ్యాపిస్తుందని అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, ఆయన సహచరులు 1893లో పశువుల జ్వరం విషయంలో నిరూపించారు. 1906లో హోవర్డ్ రికెట్స్ అనే శాస్త్రవేత్త మనుషులకు వచ్చే ఒక మచ్చల జ్వరం పిడుదుల ద్వారా సోకుతుందని నిరూపించాడు. 1910లో మెక్సికోలో టైఫస్‌పై పరిశోధిస్తూ ఆ వ్యాధికే బలి అయినాడు. ఈ తెగ సూక్ష్మజీవులకు ‘రికెట్సియా’ అన్న పేరు ఆయన స్మృతి చిహ్నమే. భారతదేశంలో కుక్కల పిడుదు ద్వారా వచ్చే మచ్చల జ్వరం పిల్లలలో కనిపిస్తుంది. అరచేతులలో, అరికాళ్లలో సైతం ఎర్రని మచ్చలు రావడం దాని లక్షణం. 1957లో కర్ణాటకలోని షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతుల మరణాలతో బయటపడిన జ్వరం కూడా పిడుదులు మోసేదే. అయితే అది వైరస్ వల్ల కలిగే వ్యాధి.

ఈ వ్యాధులు ఎవరికైనా రావచ్చు. అయినా బాలబాలికలకు ముప్పు ఎక్కువ కావడానికి కొన్ని హేతువులున్నాయి. మొదటిది స్థలం. పిల్లలు ఆడుకొనేది తారురోడ్డు మీద కాదు. ఖాళీ స్థలాలలో, చెరువు గట్లమీద, కొండవాలు తుప్పల మధ్య. వారు నేలపై కూర్చుంటారు, పొర్లుతారు, గడ్డిపై చొక్కా విప్పి పడవేసి మళ్ళీ అదే తొడుక్కుంటారు. పొట్టి నిక్కరు, చెప్పులు లేని కాళ్లు చిగ్గరుకు తెరచిన ద్వారాలు.

రెండవది పని. కౌమార దశలోని పిల్లలు ఇంటి పనుల్లో పాలుపంచుకుంటారు. పశువులకు గడ్డి కోస్తారు, మేత వేస్తారు, వంటచెరకు ఏరుకొని వస్తారు, వరికోతల సమయంలో పొలానికి వెళతారు. ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలో వర్షాకాలంలో ఏటా పిల్లలను బలిగొన్న మెదడువాపు జ్వరాలలో అధిక భాగానికి స్క్రబ్ టైఫస్ కారణమని గత దశకంలో పరిశోధకులు గుర్తించారు. ఆ ప్రాంతపు పిల్లలపై 2017లో జరిపిన అధ్యయనంలో పొలాల్లో ఆడుకోవడం, పశువుల మేతను తాకడం, వంటచెరకును ఇంటిలోపల నిల్వ చేయడం, ఆరుబయట మలవిసర్జనకు వెళ్ళడం ముప్పును పెంచే హేతువులుగా తేలాయి. ఇవన్నీ ఉత్తరాంధ్ర పల్లెలకూ, నగరపు అంచులకూ పరిచితమైన విషయాలే.

మూడవది ఋతువు. వానలు కురిసి గడ్డి ఏపుగా పెరిగిన తరువాత నల్లుల సంఖ్య పెరుగుతుంది. ఆగస్టు నుండి డిసెంబరు వరకు ఈ జ్వరాలు ఎక్కువగా కనిపిస్తాయి. నైరుతి వానలే కాక తిరోగమన ఋతుపవనాల వానలు కూడా పొందే కోస్తాకు ఆ పచ్చదనం ఎక్కువకాలం నిలుస్తుంది. కార్తీకమాసపు వనభోజనాలు, దసరా సెలవుల ఆటలు, విహారయాత్రలు అన్నీ ఈ కాలంలోనే వస్తాయి. నాలుగవది పరిసరాలు. ఇంటిచుట్టూ చెత్త, కట్టెలగుట్టలు, పారవేసిన ఆహారం ఉంటే ఎలుకలు చేరుతాయి. ఎలుకల వెంట నల్లులు వస్తాయి. పెంపుడు కుక్కల ఒంటిని పరీక్షించకపోతే పిడుదులు ఇంటిలోనికే ప్రవేశిస్తాయి.

అయిదవ హేతువు అన్నిటికంటె పెద్దది. అది ఆలస్యం. చిగ్గరు కుట్టిన 6 నుండి 21 రోజుల తరువాత జ్వరం మొదలవుతుంది. అప్పటికి తుప్పల్లో ఆడిన సంగతి బాలుడూ మరచిపోతాడు, తల్లిదండ్రులూ మరచిపోతారు. తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, వాంతులు, కడుపునొప్పి, దగ్గు వస్తాయి. ఇవే లక్షణాలు మలేరియాలో, డెంగీలో, టైఫాయిడ్‌లో కూడా ఉంటాయి. మందుల దుకాణంలో అడిగి తెచ్చిన మాత్రలతో నాలుగు రోజులు గడుస్తాయి. టైఫస్, టైఫాయిడ్ అన్న పేర్లు దగ్గరగా ఉండడం వల్ల రెండూ ఒకటేనని పొరబడేవారూ ఉన్నారు. అవి వేర్వేరు వ్యాధులు. టైఫాయిడ్‌కు సాధారణంగా ఇచ్చే ఇంజెక్షన్లు స్క్రబ్ టైఫస్‌పై పనిచేయవు. ఎందుకంటే దీని సూక్ష్మజీవి శరీర కణాల లోపల దాగి ఉంటుంది. రెండో వారం వచ్చేసరికి వ్యాధి ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు, గుండెకు, మెదడుకు ప్రాకవచ్చు. చికిత్స అందని రోగులలో సుమారు నూటికి ఆరుగురు మరణించినట్లు పూర్వపు నివేదికల పరిశీలనలో తేలింది. కొన్ని ప్రాంతాలలో మరణాలు అంతకు ఎన్నో రెట్లున్నాయి.

అయితే ఈ వ్యాధి తన రాకను తెలిపే గుర్తును తానే వదలి వెళుతుంది. చిగ్గరు కుట్టినచోట మొదట చిన్న పొక్కు లేచి, తరువాత మధ్యలో నల్లని పక్కు కడుతుంది. చుట్టూ ఎర్రని అంచు ఉంటుంది. చూడడానికి నిప్పురవ్వ పడి కాలిన మచ్చ వలె ఉంటుంది. నొప్పి గాని, దురద గాని ఉండదు. చిగ్గరు మెత్తని చర్మాన్ని, మడతలను వెదుక్కుంటుంది. అందువల్ల ఆ మచ్చ చంకలో, గజ్జలలో, నడుము పట్టీ క్రింద, చెవి వెనుక, తల వెంట్రుకల నడుమ దాగి ఉంటుంది. చిన్నపిల్లలు దానిని గురించి చెప్పలేరు. ఎదిగిన పిల్లలు సిగ్గువల్ల చెప్పరు. జ్వరంతో వచ్చిన పదిహేనేళ్ళ బాలిక గాని, బాలుడు గాని గజ్జలలోని మచ్చను దాచిపెడితే వైద్యునికి దారిచూపే దీపాన్ని ఆర్పివేసినట్లే. ఇక్కడ సిగ్గు కూడా ఒక ముప్పే. అందరిలోనూ ఈ మచ్చ కనిపించదన్నది మరొక సత్యం. మచ్చ లేదని వ్యాధి లేదనుకోరాదు. అటువంటప్పుడు ఎలీసా అనే రక్తపరీక్ష సహాయపడుతుంది. లక్షణాలు బలంగా ఉంటే ఆ ఫలితం కోసం ఎదురుచూడకుండానే వైద్యులు చికిత్స మొదలుపెడతారు.

ఈ జ్వరానికి మహౌషధం దుర్లభమైనది కాదు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ అనే చవకైన మందులు దీనిని లొంగదీస్తాయి. సకాలంలో మొదలుపెడితే సాధారణంగా రెండు రోజులలోనే జ్వరం తగ్గుముఖం పడుతుంది. డాక్సీసైక్లిన్ వల్ల చిన్నపిల్లల పళ్ళపై మరకలు పడతాయన్న భయం పూర్వం ఉండేది. కొద్దిరోజుల వాడకంలో ఆ భయానికి ఆధారం లేదని ఇప్పుడు వైద్యలోకం అంగీకరించింది. వ్యాధి ముదిరిన పెద్దవారికి ఈ రెండు మందులనూ కలిపి ఇస్తే మేలు ఎక్కువని భారతదేశంలోని వైద్యులు జరిపి, 2023లో ప్రకటించిన పరిశోధన తెలిపింది. అయినా మందును, మోతాదును నిర్ణయించవలసినది వైద్యుడే. మందుల దుకాణం కాదు.

డాక్సీసైక్లిన్ చరిత్రలో ఒక తెలుగువాని పేరు నిలిచి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతిగా ఉన్న కాలంలో, ఆ సంస్థలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి బంగారు వన్నె గల ఔషధాన్ని వెలికితీశాడు. దానికి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. 1948లో ఆ మందు లోకానికి వెల్లడి అయింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఆరియోమైసిన్ మొదటిది. 1960ల నాటి డాక్సీసైక్లిన్ ఆ కుటుంబానికే చెందినది. నేలలో దాగిన వ్యాధికి నేలలోనే మందు దొరికింది.

నివారణకు పెద్ద ఖర్చు అవసరం లేదు. ఇంటిచుట్టూ, పాఠశాల ఆవరణలో తుప్పలు కొట్టించాలి. కట్టెలను ఇంటిలోపల కాక దూరంగా, నేలకు ఎత్తుగా పేర్చాలి. తుప్పల్లోకి వెళ్ళవలసి వస్తే నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు, మేజోళ్ళు, బూట్లు వేసుకోవాలి. వనభోజనాలలో నేలపై నేరుగా కూర్చోకుండా చాప పరచుకోవాలి. ఆటనుండి రాగానే విడిచిన బట్టలను వేడినీటిలో నానబెట్టి ఉతకాలి. సబ్బుతో ఒళ్ళు రుద్దుకొని స్నానం చేయాలి. పిడుదు పట్టుకొని ఉంటే కిరోసిన్ పోయడం, నిప్పుతో కాల్చడం, వ్రేళ్ళతో నలపడం తగదు. చర్మానికి ఆనుకొనేటట్లు చిన్న పట్టకారుతో పట్టి, మెలిపెట్టకుండా, నిదానంగా పైకి లాగి, ఆ చోటును సబ్బుతో కడగాలి. జ్వరం వస్తే గడచిన మూడు వారాలు ఎక్కడెక్కడ తిరిగినదీ వైద్యునికి చెప్పాలి. రెండు మూడు రోజులైనా తగ్గని జ్వరాన్ని ఇంట్లో ఉంచుకోరాదు. విశాఖలో 1923లో ప్రారంభమైన ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉత్తరాంధ్ర అంతటికీ పెద్దదిక్కు. అయితే అంతదూరం వచ్చేవరకు ఆగనవసరం లేదు. ఈ వ్యాధిని మొదటి వారంలోనే గుర్తిస్తే సమీపంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చికిత్స ఆరంభించవచ్చు.

వ్యాధిభయం పిల్లలను ఇంటిలో బంధించడానికి దారితీయరాదు. ఆట వారి హక్కు. పచ్చదనం నగరానికి ఊపిరి. చిన్నపామునైనా పెద్దకర్రతో కొట్టాలని సామెత. ఈ వ్యాధి విషయంలో ఆ పెద్దకర్ర ఎరుకే. ఆట ముగిసిన తరువాత ఒంటిని ఒకసారి పరీక్షించుకోవడం, జ్వరం వచ్చినప్పుడు సిగ్గుపడకుండా మచ్చను చూపడం, అడిగినప్పుడు తిరిగిన చోటును చెప్పడం – ఈ మూడింటికీ డబ్బు అక్కరలేదు. కంటికి ఆనని పురుగు కంటె, కంటికి కనిపించే మచ్చను ఉపేక్షించడమే అసలైన ప్రమాదం.

కఠిన పదాలు – అర్థాలు

తుప్ప = దట్టమైన పొద
పిడుదు = పశువుల రక్తం పీల్చే పురుగు, గోమారి
కడలి = సముద్రం
హేతువు = కారణం
సంక్రమించు = ఒకరి నుండి మరొకరికి చేరు
కౌమార దశ = బాల్యానికీ యౌవనానికీ మధ్య వయస్సు
పక్కు = పుండుపై కట్టే ఎండిన పొర
దుర్లభం = దొరకడానికి కష్టమైనది
ఎరుక = తెలివిడి, జ్ఞానం
ఉపేక్ష = లెక్కచేయకపోవడం

సంధులు

నౌకాశ్రయం = నౌకా + ఆశ్రయం – సవర్ణదీర్ఘ సంధి
ప్రాణాంతకం = ప్రాణ + అంతకం – సవర్ణదీర్ఘ సంధి
మహౌషధం = మహా + ఔషధం – వృద్ధి సంధి

సమాసాలు

బాలబాలికలు – బాలురును, బాలికలును – ద్వంద్వ సమాసం
మూడు వారాలు – మూడు సంఖ్య గల వారాలు – ద్విగు సమాసం
వ్యాధిభయం – వ్యాధి వలన భయం – పంచమీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పిల్లలకు స్క్రబ్ టైఫస్ ముప్పును పెంచే హేతువులను వివరించండి.
2. ‘ఆలస్యమే అన్నిటికంటె పెద్ద ముప్పు’ అన్న భావాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు ఐదేసి పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చిగ్గరు వ్యాధిని ఎట్లా వ్యాపింపజేస్తుంది?
2. డాక్సీసైక్లిన్ చరిత్రతో యల్లాప్రగడ సుబ్బారావుకు గల సంబంధాన్ని తెలపండి.
3. పిడుదు పట్టుకొన్నప్పుడు ఏమి చేయాలి? ఏమి చేయరాదు?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఇక్కడ సిగ్గు కూడా ఒక ముప్పే.
2. నేలలో దాగిన వ్యాధికి నేలలోనే మందు దొరికింది.

IV. ఏకపద సమాధానాలు రాయండి.
1. రికెట్సియా అన్న పేరు ఎవరి స్మృతికి చిహ్నం?
2. క్యాసనూరు అడవిలో జ్వరం ఏ సంవత్సరంలో బయటపడింది?
3. ఆరియోమైసిన్‌ను వెలికితీసిన శాస్త్రజ్ఞుడు ఎవరు?

V. మీ పాఠశాల లేక కళాశాల ఆవరణను పరిశీలించి, పిల్లలకు ముప్పు కలిగించగల చోట్లను గుర్తించి, నివారణకు చేయవలసిన పనులను సూచిస్తూ ప్రధానాచార్యునికి లేఖ రాయండి.